నాడవే కౌంటీకి మారదామనుకుంటున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

మిస్సోరీ రాష్ట్రం వాయవ్య మూలన, అయోవా సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది మా నాడవే కౌంటీ. నేను ఇక్కడే ఎమ్మెస్ చేశాను. తర్వాత కొన్నేళ్లు కాన్సస్ సిటీలో ఉద్యోగం చేసి, పెళ్లయ్యాక మళ్లీ ఇక్కడికే వచ్చాను. మా ఆయన ఉద్యోగం ఊళ్లోనే, నాది ఇంటి నుంచి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇళ్ల ధరలు చూసి గుండె జారిన స్నేహితులు వారానికొకరు ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతుంటారు. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఇక రాసి పెడుతున్నాను.

అసలు ఎంత ఊరది?

ఊరు కాదు, ఊళ్లు. కౌంటీ వైశాల్యం సుమారు 877 చదరపు మైళ్లు. 2020 జనాభా లెక్కల్లో 21,241 మంది తేలారు. మన దగ్గర ఒక మండలంలో కూడా ఇంతకంటే ఎక్కువే ఉంటారు. వీళ్లలో సగం మంది కౌంటీ కేంద్రం మేరీవిల్‌లో ఉంటారు. మిగతావాళ్లు హాప్కిన్స్, స్కిడ్‌మోర్, బర్లింగ్టన్ జంక్షన్, రావెన్‌వుడ్ లాంటి చిన్న చిన్న ఊళ్లలోనూ, పొలాల మధ్య విసిరేసినట్టున్న ఇళ్లలోనూ ఉంటారు. ఎటు చూసినా మొక్కజొన్న, సోయా, ఆవులు. ఇప్పుడు గాలిమరలు కూడా. దగ్గరి నగరం సెయింట్ జోసెఫ్ 45 మైళ్లు. కాన్సస్ సిటీ, ఒమాహా రెండూ కాస్త అటూ ఇటూగా వంద మైళ్లు.

ఖర్చు తక్కువంటారు, నిజమేనా?

ఇంటి వరకు నిజం. ఇల్లు దాటి బయటికి అడుగు పెడితే సగం నిజం. ఇంటి అద్దెలో మిగిలిన డబ్బు రోడ్డు మీద పోతుంది. ఎంత పోతుందన్నది మీరు ఎన్నిసార్లు కౌంటీ దాటుతారో దాన్ని బట్టి ఉంటుంది.

ఇంకోటి. జీతం బయటి నుంచి వస్తుందా, ఇక్కడే సంపాదించాలా? బయటి జీతం తెచ్చుకునేవాళ్లకి ఇది చవకైన ఊరు. ఇక్కడి జీతం మీద బతికేవాళ్లకి మామూలు ఊరే. స్నేహితులు అద్దె ఎంత అని అడుగుతారు గానీ ఈ ప్రశ్న ఒక్కరూ అడగరు.

ఇల్లు ఎంతకి దొరుకుతుంది? అంత చవక ఎందుకు?

మామూలు మూడు బెడ్‌రూముల పాత ఇల్లు రెండు లక్షల డాలర్ల లోపే దొరుకుతుంది. రెండు బెడ్‌రూముల అద్దె వెయ్యి లోపు. ఎందుకంటే, 1900లో ఈ కౌంటీలో దాదాపు 33 వేల మంది ఉండేవారు. ట్రాక్టర్లొచ్చి, పొలాలు పెద్దవై, పదిమంది చేసే పని ఒక్కడు చేయడం మొదలయ్యాక జనం తరలిపోయారు. ఇళ్లు మిగిలాయి. యూనివర్సిటీ లేకపోతే మేరీవిల్ కూడా ఇంకా చిక్కిపోయేదే.

చవక అనగానే ఎగిరి గంతేయకండి. ఇవి నిజంగా పాత ఇళ్లు, వందేళ్లవి కూడా ఉంటాయి. 1978కి ముందువైతే గోడలకి సీసం కలిసిన రంగు ఉండొచ్చు. బేస్‌మెంట్‌లో రేడాన్ (నేలలోంచి వచ్చే హానికరమైన వాయువు) పరీక్ష తప్పకుండా చేయించండి. లీటరుకి 4 పికోక్యూరీలు దాటితే దాన్ని బయటికి లాగేసే ఫ్యాన్ పెట్టించాలి. ఇంటి ఇన్సూరెన్స్ పత్రంలో వడగళ్ల వాన డిడక్టిబుల్ (నష్టంలో ముందు మీరే భరించాల్సిన వాటా) విడిగా ఉంటుంది. అది ఇంత డాలర్లని కాకుండా ఇంటి విలువలో ఇంత శాతమని రాస్తారు. ఆ లైను చదవకుండా సంతకం పెట్టి, కప్పు పోయిన రోజున లబోదిబోమన్న మనవాళ్లు నాకు తెలుసు.

డౌన్ పేమెంట్ లేకుండా లోన్ ఇస్తారటగా?

ఇస్తారు. అమెరికా వ్యవసాయ శాఖ గ్యారంటీ ఇచ్చే గ్రామీణ గృహ రుణం అది. మీ ఇంటి ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 115 శాతం దాటకూడదు. ముందు 1 శాతం గ్యారంటీ ఫీజు, ఆపైన ఏటా 0.35 శాతం కట్టాలి. కానీ సిటిజన్ అన్నా అయి ఉండాలి, గ్రీన్‌కార్డన్నా ఉండాలి. హెచ్1బి మీద ఉన్నవాళ్లకి ఇది రాదు. మామూలు బ్యాంకు లోనే గతి.

ఊరి బయట పొలంలో ఇల్లు కొనుక్కుంటే?

కలలా ఉంటుంది. ముందు ఇవి కనుక్కోండి: గ్యాస్ పైపు ఉండదు, ప్రొపేన్ ట్యాంకు నింపించుకోవాలి (వేసవిలోనే బేరం కుదుర్చుకుంటే చవక). డ్రైనేజీ ఉండదు, సెప్టిక్ ట్యాంకో, ఇంటి వెనక లాగూన్ అనే మురుగు చెరువో ఉంటుంది. దాన్ని చూసి చేపల చెరువనుకున్న చుట్టాలున్నారు మాకు. కంకర రోడ్డు. ఫైర్ స్టేషన్ ఎంత దూరమో, దగ్గర్లో హైడ్రంట్ (ఫైరింజన్‌కి నీళ్లిచ్చే కుళాయి) ఉందో లేదో దాన్ని బట్టి ఇన్సూరెన్స్ ప్రీమియం మారుతుంది. పల్లెల్లో మంటలార్పేది జీతాల సిబ్బంది కాదు, పక్కింటి రైతులే. పేజర్ మోగితే ట్రాక్టర్ వదిలేసి పరిగెత్తుతారు.

ఇంటర్నెట్ మాటేమిటి? నాది రిమోట్ ఉద్యోగం.

ఇది ఆశ్చర్యపరిచే విషయం. 1930లలో ప్రైవేటు కంపెనీలు పట్టించుకోని పల్లెలకి కరెంటు ఇవ్వడానికి రైతులు పెట్టుకున్న విద్యుత్ సహకార సంఘాలే ఇప్పుడు ఫైబర్ వేస్తున్నాయి. మా వైపు యునైటెడ్ ఎలక్ట్రిక్ కోఆపరేటివ్ వాళ్ల యునైటెడ్ ఫైబర్ ఉంది. అయినా ఇల్లు చూడ్డానికి వెళ్లే ముందే ఆ చిరునామాకి లైన్ ఉందో లేదో అడగండి. పక్క పొలం దాకా వచ్చి ఆగిపోయి ఉండొచ్చు.

కారు ఖర్చు గురించి అంత భయపెడతారెందుకు?

ఇక్కడ బస్సు లేదు, రైలు లేదు. ఓట్స్ ట్రాన్సిట్ అని ఒక సంస్థ వ్యాను నడుపుతుంది. ముందుగా బుక్ చేసుకోవాలి, ఎక్కువగా వయసైనవాళ్లు వాడతారు. కాబట్టి ఇద్దరు పెద్దలుంటే రెండు కార్లు. ఇక లెక్క వేసుకోండి.

కారు కొంటే సేల్స్ టాక్స్ డీలర్‌కి కట్టరు. మీరే 30 రోజుల్లోగా లైసెన్స్ ఆఫీసుకెళ్లి ఒక్కసారిగా కట్టాలి. రాష్ట్రం వాటా 4.225 శాతం, దానికి స్థానికం కలుస్తుంది. ఇరవై వేల కారుకి రాష్ట్రం వాటాయే 845 డాలర్లు, జేబులో సిద్ధంగా ఉండాలి. స్టూడెంట్లు దీన్ని లెక్కలో వేసుకోక చిక్కుల్లో పడతారు.

అసలు దెబ్బ డిసెంబరులో. మిస్సోరీలో కారు మీద కూడా ఆస్తి పన్ను ఉంది, ఏటేటా. జనవరి 1న కారు మీ పేర ఉంటే ఆ ఏడాది పన్ను మీదే. కారు విలువలో మూడో వంతుని అసెస్‌మెంట్‌గా, అంటే పన్ను వేసే విలువగా తీసుకుంటారు, దాని మీద మీ స్కూల్ డిస్ట్రిక్ట్, కౌంటీ వగైరాల లెవీ (పన్ను రేటు). ఉదాహరణకి 24,000 విలువ చేసే కారనుకోండి. మూడో వంతు 8,000. లెవీ వందకి 7 డాలర్లనుకుంటే 560. డిసెంబరు 31లోగా కట్టి, ఆ రసీదు చూపిస్తేనే నంబర్ ప్లేట్ రెన్యూ అవుతుంది. వేరే రాష్ట్రం నుంచి కొత్తగా వచ్చిన వాళ్లకి బకాయి ఉండదు గానీ, ఉండదని కాగితం తెచ్చుకోవాలి. అది కౌంటీ అసెసర్ దగ్గర ఇస్తారు. మొదటి సంవత్సరం నాకు ఈ సంగతి తెలీదు. లైసెన్స్ ఆఫీసులో గంట నిలబడ్డాక కౌంటర్‌లో ఆవిడ "రసీదేది హనీ?" అంది. ఏ రసీదు అన్నాను. వెనక క్యూలో ఉన్న ముసలాయన, ఇలాంటి మొహాలు చాలా చూసినట్టున్నాడు, కోర్టుహౌస్‌కి దారి చెప్పి "నీ చోటు నేను పట్టి ఉంచుతాలే" అన్నాడు. నిజంగానే పట్టి ఉంచాడు.

పెట్రోలు మీద రాష్ట్రం పన్ను 2021 దాకా గాలన్‌కి 17 సెంట్లు. ఏటా కాస్త పెంచుకుంటూ పోయి 2025 జూలైకి 29.5 చేశారు. పెంచిన ఆ కాస్తా రసీదులు దాచుకుని అడిగితే తిరిగి ఇస్తారు. మా ఆయన షూ డబ్బాలో రసీదులు దాస్తాడు. ఇంకా ఒక్కసారీ అడగలేదు.

ఇక జింకలు. అక్టోబరు, నవంబరుల్లో చీకటి పడ్డాక హైవే 71 మీద ఒక జింక దాటిందంటే వెనక ఇంకోటి ఉందని అర్థం. గుద్దితే కాంప్రహెన్సివ్ ఇన్సూరెన్స్ ఇస్తుంది. తప్పించబోయి కాలవలో పడితే కొలిజన్ అనే వేరే కవరేజీ కింద లెక్క. నేర్పేవాళ్లంతా ఒకటే చెబుతారు: స్టీరింగ్ తిప్పకు, బ్రేకు తొక్కు.

మన సరుకులు, గుడి సంగతి?

ఊళ్లో వాల్‌మార్ట్, హైవీ అనే సూపర్ మార్కెట్ ఉన్నాయి. పాలు, పెరుగు, కూరగాయలు, ఒక రకం బాస్మతి దొరుకుతాయి. సోనామసూరి, కందిపప్పు, కరివేపాకు, గోంగూర కావాలంటే కాన్సస్ సిటీ శివార్లు. హిందూ దేవాలయం ఆ నగరానికి పక్క రాష్ట్రం కాన్సస్ వైపున్న షానీలో ఉంది. పోయిరావడం రెండు వందల మైళ్ల పైమాటే. 2025కి అమెరికా పన్నుల శాఖ వ్యాపారపు ప్రయాణానికి మైలుకి 70 సెంట్లు లెక్క కట్టింది. పెట్రోలు ఒక్కటే కాదు, టైర్లు, అరుగుదల, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి. ఆ లెక్కన ఒక్క ట్రిప్పు 140 డాలర్ల పైమాటే. ఆ చింతపండుతో పెట్టిన పులుసు ఎంత రుచిగా ఉండాలో మీరే ఆలోచించండి.

అందుకని ఇక్కడి మనవాళ్లకో పద్ధతుంది. ఎవరు కాన్సస్ సిటీ వెళ్తున్నా గ్రూపులో మెసేజ్ పడుతుంది, పది నిమిషాల్లో ఆర్డర్ల చిట్టా తయారవుతుంది. మా గరాజ్‌లో ఒక చెస్ట్ ఫ్రీజర్ ఉంది. కరివేపాకు కడిగి, ఆరబెట్టి, చిన్న కవర్లలో కట్టి అందులో పడేస్తే మూడు నెలలు బేఫికర్. వేసవిలో పెరట్లో గోంగూర, బెండ, వంగ బ్రహ్మాండంగా వస్తాయి. నేల అలాంటిది. మే నెల రెండో వారం దాకా మంచు భయం పోదు కాబట్టి నారు ఇంట్లో పోసి, తర్వాత బయట నాటుకోవాలి.

ఉద్యోగాలు దొరుకుతాయా?

యూనివర్సిటీ, ఆసుపత్రి, స్కూళ్లు, కవాసాకి. 1989 నుంచి నడుస్తున్న కవాసాకి ఫ్యాక్టరీలో గడ్డి కోసే యంత్రాలకి ఇంజన్లు చేస్తారు. ఇవి కాక దుకాణాలు, వ్యవసాయం. ఐటీ ఉద్యోగాలు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇదివరకు ఇక్కడ ఎనర్జైజర్ బ్యాటరీల ఫ్యాక్టరీ కూడా ఉండేది, 2012లో మూసేస్తామని ప్రకటించారు. పెద్ద నగరంలో ఒక కంపెనీ పోతే వీధి చివర ఇంకోటి ఉంటుంది. ఇక్కడ ఒకటి పోతే ఇల్లు అమ్ముకుని వెళ్లాలి, అదే సమయంలో పక్కింటివాళ్లూ అమ్ముతుంటారు.

కనీస వేతనం 2025లో గంటకి 13.75, 2026 జనవరి నుంచి 15. పదిహేను మైళ్లు ఉత్తరానికి పోయి అయోవాలో అడుగు పెడితే ఇంకా 7.25 దగ్గరే ఉంది. రాష్ట్ర ఆదాయపు పన్ను పై రేటు 2025కి 4.7 శాతం.

హెచ్1బి మీద ఉన్నాను, రిమోట్ కదా, చెప్పకుండా మారిపోవచ్చా?

మారకండి. 2015లో సిమియో అనే కంపెనీ కేసులో వచ్చిన తీర్పు ప్రకారం, పని చేసే చోటు మీ పిటిషన్‌లో రాసిన నగర ప్రాంతం దాటితే ఆ మార్పు ముఖ్యమైనదే. మీరు మారక ముందే కంపెనీ కొత్త ఎల్‌సీఏ (పని చోటు, జీతం చెబుతూ కార్మిక శాఖకి పెట్టే దరఖాస్తు) తీసి, సవరించిన పిటిషన్ వేయాలి. ఇంట్లోంచి పని చేస్తే ఇల్లే ఆఫీసు. హెచ్ఆర్ వాళ్లు "ఏం పర్లేదు" అంటే కాదు, లాయర్ కాగితం మీద చెప్పాలి.

డాక్టర్లకి ఇలాంటి కౌంటీలే మంచివంటారు?

జే1 వీసా మీద రెసిడెన్సీ చేసినవాళ్లు మామూలుగా రెండేళ్లు స్వదేశం వెళ్లి రావాలి. డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పని చేస్తే కాన్రాడ్ 30 అనే పథకం కింద ఆ షరతు మాఫీ అవుతుంది. పేరులోనే ఉంది, ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 మందే. అయిదేళ్లు చేసేవాళ్లకి గ్రీన్‌కార్డు వైపు నేషనల్ ఇంటరెస్ట్ వేవర్ దారి కూడా ఉంది. అమెరికా మారుమూల ఊళ్లలో బోర్డు మీద రెడ్డి, రావు, చౌదరి పేర్లు కనిపించడానికి సగం కారణం ఇదే. అయితే ఒక చిరునామా కొరత ప్రాంతం కిందికి వస్తుందో లేదో ఏటా మారొచ్చు. ఉద్యోగం ఒప్పుకునే ముందు చూసుకోండి.

ఆరోగ్యం పాడైతే?

మేరీవిల్‌లో మొజాయిక్ ఆసుపత్రి ఉంది. జ్వరాలు, ఎముకలు, ఎమర్జెన్సీ చూస్తారు. పెద్ద స్పెషలిస్టు కావాలంటే సెయింట్ జోసెఫ్, ఇంకా పెద్దదైతే కాన్సస్ సిటీ. గుండెపోటో పక్షవాతమో అయితే హెలికాప్టర్‌లో తీసుకెళ్లే అవకాశం ఎక్కువ. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం వల్ల ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకి నెట్‌వర్క్ బయటి ఎయిర్ అంబులెన్స్ అడ్డగోలు బిల్లు పంపకూడదు. రోడ్డు మీద పోయే అంబులెన్స్‌కి మాత్రం ఆ చట్టం వర్తించదు. విచిత్రమే, కానీ అంతే. అమ్మానాన్నలకి తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్ విషయంలో ఈ రక్షణ మీద ఆశ పెట్టుకోకండి, పాలసీలో ఎయిర్ అంబులెన్స్ ఉందో లేదో చదవండి.

పిల్లల చదువు?

మేరీవిల్ స్కూళ్లు బాగుంటాయి. మా బాబు క్లాసులో టీచర్‌కి ప్రతి పిల్లాడి కుక్క పేరు కూడా తెలుసు. స్కూలు జట్టు పేరు స్పూఫ్‌హౌండ్స్, ఇంకెక్కడా విని ఉండరు. చుట్టుపక్కల చిన్న ఊళ్ల డిస్ట్రిక్టుల్లో మాత్రం ఒకటి కనుక్కోండి: వారానికి నాలుగు రోజులా, అయిదా? మిస్సోరీలో దాదాపు మూడో వంతు డిస్ట్రిక్టులు నాలుగు రోజులకి మారాయి. జీతాలు పెంచలేక టీచర్లని నిలుపుకోవడానికి పట్టిన దారి అది. ఆ అయిదో రోజు పిల్లల్ని ఎవరు చూస్తారన్నది మీ ఖర్చే. కూచిపూడి, కర్ణాటక సంగీతం, అబాకస్ లాంటివి ఊళ్లో లేవు, ఆన్‌లైనే.

స్టూడెంట్లకి ఎలా ఉంటుంది?

1905లో మొదలైన నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్ యూనివర్సిటీలో తెలుగు పిల్లలు చాలామందే ఉంటారు. సెమిస్టర్ నడిచేటప్పుడు వాల్‌మార్ట్ బియ్యం వరసలో తెలుగు వినపడకుండా ఉండదు. 1987లోనే క్యాంపస్ అంతా కంప్యూటర్లతో కలిపిన యూనివర్సిటీ ఇది. పాఠ్యపుస్తకాలు కొనుక్కోనక్కర్లేదు, అద్దె పద్ధతి. క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు దాటి పని చేయకూడదు. ఆ ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. బయట చాటుగా పని చేద్దామనుకుంటే, ఇంత చిన్న ఊళ్లో ఏదీ చాటుగా ఉండదు. నలుగురు కలిసి ఇల్లు తీసుకుంటే అద్దె నిజంగా చవక. కానీ ఇంటర్న్‌షిప్, ఉద్యోగం కోసం ఊరు వదలాల్సిందే. ఆ ప్రయాణపు డబ్బు మొదటి రోజు నుంచే దాచుకోండి.

మనుషులు ఎలా ఉంటారు? రంగు చూసి తేడాగా చూస్తారా?

ఎదురొచ్చే ప్రతి ట్రక్కువాడూ స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు ఎత్తుతాడు. నమస్కారం అన్నమాట. మీరూ ఎత్తాలి. మంచు కురిసిన పొద్దున మనం లేచేసరికి ఎవరో మన వాకిలి తీసేసి వెళ్లిపోయి ఉంటారు. ఆగస్టులో గుమ్మం ముందు ఎవరు పెట్టారో తెలీని జుకినీలు. ఏ చర్చికి వెళ్తారని మాత్రం అడుగుతారు. వెళ్లం అని చెబితే రెండు క్షణాలు నిశ్శబ్దం, తర్వాత "మా దగ్గర పాట్‌లక్ ఉంది, రండి" అంటారు (తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినడమన్నమాట).

అంతా తేనే అని చెప్పను. ఒక దుకాణంలో మా ఆయన వెనకే వరసలు మారుతూ తిరిగిన మనిషి ఉన్నాడు. పన్నెండేళ్లున్నా "ఇంతకీ అసలు ఊరేది?" అని అడిగేవాళ్లున్నారు. అయితే నగరంలో మనల్ని ఎవరూ పట్టించుకోరు, ఇక్కడ అందరూ పట్టించుకుంటారు. రెండోది కొన్ని రోజులు హాయి, కొన్ని రోజులు ఊపిరాడదు.

సరదాకి ఏముంది? మొజింగో చెరువులో చేపలు పట్టడం, శనివారం యూనివర్సిటీ జట్టు బేర్‌క్యాట్స్ ఫుట్‌బాల్ (కాలేజీల డివిజన్ 2 జాతీయ టైటిల్ ఆరుసార్లు గెలిచారు, ఆ రోజు ఊరంతా ఆకుపచ్చే), రాత్రి వాకిట్లో కుర్చీ వేసుకుంటే పాలపుంత. అంతే. మల్టీప్లెక్స్‌లో తెలుగు సినిమా బెనిఫిట్ షో కావాలంటే, చెప్పాను కదా, మైలుకి 70 సెంట్లు.

అమ్మానాన్నలు వస్తే ఉండగలరా?

మా అత్తగారిది గుడివాడ దగ్గర పల్లె. మొదటి రోజు సాయంత్రం వాకిట్లో నిలబడి వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, "ఇన్ని ఇళ్లున్నాయి, ఒక్క మనిషీ అరుగు మీద లేడేంటమ్మాయ్?" అన్నారు. నెల తిరిగేసరికి రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. శీతాకాలం వచ్చి ఉంటే ఏమయ్యేదో.

మావగారు మాత్రం కుదురుకున్నారు. రెండు వేల ఎకరాలు చేసే రైతు మా వీధిలోనే ఉంటాడు. ఒకరోజు ఆయన మావగారిని కంబైన్ ఎక్కించుకుని వెళ్లాడు. తిరిగొచ్చాక మావగారు అడిగిన మొదటి మాట, "కాలవ ఎక్కడుందే?" కాలవ లేదు. ఇక్కడ పంటంతా వాన మీదే. నీళ్లు పెట్టడం కాదు, ఎక్కువైన నీళ్లు పోవడానికి నేల కింద గొట్టాలు వేస్తారు, వాలు పొలాల్లో గట్లు కడతారు. ఆయనకది రెండు రోజులు మింగుడు పడలేదు. "వాన రాకపోతే?" అని మళ్లీ మళ్లీ అడిగారు. ఇన్సూరెన్స్ అన్నాడు ఆ రైతు. ఇద్దరికీ భాష రాదు, మధ్యలో నేను. ఎరువు బస్తా ధర దగ్గరికొచ్చేసరికి నా అవసరం లేకపోయింది. ఇద్దరూ వేళ్లతో లెక్కలు వేసి, తల కొట్టుకున్నారు.

చలి, టోర్నడోలు?

జనవరిలో కొన్ని రోజులు ఫారెన్‌హీట్ సున్నా కిందికి పోతుంది, దాని మీద గాలి. వసంతంలో సైరన్ మోగితే బేస్‌మెంట్‌లోకి. నెలనెలా పరీక్షకి కూడా మోగిస్తారు, మొదటిసారి విని పరిగెత్తకండి.

చూసి నిర్ణయించుకుందామనుకుంటున్నాం. ఎప్పుడు రమ్మంటారు?

జూన్‌లో రాకండి. పచ్చటి చేలు, మిణుగురులు, తొమ్మిదింటి దాకా వెలుతురు చూసి అక్కడికక్కడే అడ్వాన్స్ ఇచ్చేస్తారు. ఫిబ్రవరిలో రండి, అదీ వారం మధ్యలో. కాన్సస్ సిటీ విమానాశ్రయంలో సాయంత్రం దిగి, కారు అద్దెకి తీసుకుని, హైవే 29 మీద సెయింట్ జోసెఫ్ దాకా, అక్కడి నుంచి 71 మీద మేరీవిల్ దాకా మీరే నడపండి. ఆ చీకట్లో ఎంతసేపటికి ఇంకో కారు ఎదురొచ్చిందో గుర్తుపెట్టుకోండి. మర్నాడు ఊళ్లో సరుకులు కొని వండుకోండి, సాయంత్రం అయిదు తర్వాత పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలో వెతకండి. రాత్రి మా ఇంటికి భోజనానికి రండి. వచ్చేటప్పుడు కాన్సస్ సిటీలో ఆగితే మాత్రం రెండు కట్టలు గోంగూర పట్టుకురండి.